పొగమంచు వారంలో గోలీ గ్లవ్స్ కడిగాను

హాకీ గ్లవ్స్‌ని హీటర్ ముందు పెట్టకూడదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రాయాలా అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు, వాళ్లకి కావలసింది దొరికినట్టే. మిగిలినవాళ్లకి, ముఖ్యంగా కొత్తగా ఏదో ఒక స్టోర్ తాళాలు చేతికొచ్చి, ఆ తాళాలతో పాటు బుద్ధి కూడా వచ్చిందనుకుంటున్న పిల్లలకి, ఆ ముక్క నాకెలా తెలిసిందో చెబుతాను.

ఢిల్లీలో ఒక ఆడపిల్లల హాకీ హాస్టల్‌కి నేను స్టోర్ ఇన్‌ఛార్జిగా చేశాను. వయసు ఇంకా ఉండగానే నాకై నేను రిటైరయ్యాను, అది వేరే గొడవ. ఇది మెట్రో ఇంకా సాకేత్ దాకా రాని రోజుల సంగతి. మా ఆయన సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ. ఈ సంగతి నా సర్వీసంతటిలో ఎవరూ అడక్కపోయినా చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను, ఎందుకంటే జరిగిన దానిలో దానికీ వాటా ఉంది.

గోల్‌కీపర్‌ని అక్కడ అందరూ గోలీ అనేవాళ్లు. గోలీ వేసుకునేవి మామూలు గ్లవ్స్ కావు. ఎడమచేతిది ఇటుకంత మందం ఫోమ్ దిమ్మ, బంతిని ఆపడానికి. కుడిచేతిదానికి వెనక ఫోమ్, ముందు తోలు అరచేయి. ఆ తోలుతోనే స్టిక్ పట్టుకోవాలి. రెండు గంటల ప్రాక్టీసు అయ్యేసరికి రెండూ చెమట పీల్చి బరువెక్కుతాయి. పిల్లలు వాటిని అలాగే కిట్ బ్యాగులో కుక్కి జిప్ లాగేస్తారు. మర్నాడు ఆ జిప్ తీసినప్పుడు పక్కన నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది ఆ వాసన ఏమిటో. నేను వర్ణించను.

వాసన వస్తోంది, కొత్తవి ఇవ్వండి అని పిల్లలు స్టోరుకొచ్చేవాళ్లు. ఇవ్వడానికి లేదు. పాతది పనికిరాదని ఏడాదికోసారి మార్చిలో వచ్చే ముగ్గురు సభ్యుల కమిటీ తేల్చాలి. దాన్ని కండెమ్ చేయడం అంటారు. కండెమ్ కాని వస్తువు స్థానంలో కొత్తది ఇస్తే నా మెడకి చుట్టుకుంటుంది. ఆ కమిటీ కాగితంలో కారణాలు మూడే ఉంటాయి: చిరిగినది, విరిగినది, అరిగినది. కంపు కొట్టడం వాటిలో లేదు. ఈ రూలు నేను పెట్టింది కాదు. కానీ నిజం చెప్పాలంటే, దాన్ని కాపలా కాయడంలో నాకు బోలెడు సుఖం ఉండేది.

ఇవ్వలేను కాబట్టి కడిగి ఇస్తాననేదాన్ని. మా అత్తగారు ఊరినుంచి పంపే కుంకుడుకాయలు కొట్టి, గోరువెచ్చని నీళ్లలో నురగ తీసి, పాత టూత్‌బ్రష్షుతో లోపల మాత్రం మెల్లగా రుద్దేదాన్ని. నీళ్లలో ముంచకూడదు. పిండిన తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. తోలు మీద బ్లీచింగు, డెటాలు, బట్టల సోడా, ఏదీ పడకూడదు. తర్వాత వేళ్లల్లోకి న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, నీడలో ఫ్యాను కింద వేలాడదీసి, పూటకోసారి పేపరు మార్చాలి. బాగా ఆరాక పల్చటి గుడ్డలో వంటసోడా మూటకట్టి ఒక పగలంతా లోపల ఉంచితే మిగిలిన వాసన కూడా పోతుంది. ఏప్రిల్లో రెండ్రోజుల పని. పిల్లలు ముక్కు పెట్టి చూసి "వాహ్ ఆంటీ" అనేవాళ్లు. పట్టుచీరలకి వాడే కుంకుళ్లు హాకీకి వాడినందుకు మా అత్తగారు మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు మాత్రం తలకెక్కింది.

ఇక మా గోలీ. కంటోన్మెంటులో ఉండే ఒక హవల్దారు కూతురు. శ్రీకాకుళం వైపు వాళ్లు. పుట్టింది అంబాలాలో, పెరిగింది నాలుగు కంటోన్మెంట్లలో. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది, మధ్యలో అమ్మ దగ్గర నేర్చుకున్న రెండు తెలుగు ముక్కలు కలిపి. ఆ డిసెంబరులో జూనియర్ క్యాంపుకి సెలక్షన్ ట్రయల్స్ మా హాస్టల్ టర్ఫ్ గ్రౌండు మీదే పెట్టారు. వయసు లెక్కలో ఆ పిల్లకి అదే ఆఖరి అవకాశం. క్యాంపుకి వెళ్లినవాళ్లని స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి పిలుస్తారు. వెళ్లకపోతే నాన్న రిటైర్‌మెంటుతో పాటు సామాను సర్దుకుని, తను ఎప్పుడూ ఉండని ఊరికి వెళ్లిపోవాలి. ఈ లెక్క హాస్టల్లో అందరికీ తెలుసు.

ట్రయల్స్‌కి నాలుగు రోజుల ముందు స్టోరుకొచ్చింది, గ్లవ్స్ రెండూ వేలికి తగిలించుకుని, చేతిని ఒంటికి దూరంగా పెట్టుకుని.

"ఆంటీ, నయే దే దో నా, కొత్తవి. ట్రయల్ హై."

"చిరిగాయా?"

"నహీ."

"విరిగాయా?"

"ఆంటీ, సడ్ గయే హై! కుళ్లిపోయాయి. సూంఘో ఆప్, వాసన చూడండి."

"నేను సూంఘనక్కర్లేదు, గుమ్మంలోనే తెలిసింది. ఇటివ్వు, కడిగిస్తాను."

వెనకే కోచ్ వచ్చాడు. ఒకప్పుడు పేరున్న ఆటగాడు, మాట తక్కువ మనిషి. "మేడమ్, ట్రయల్ తర్వాత కడగండి. ఈ చలిలో ఆరవు," అన్నాడు.

నేను ఊరుకుంటానా? తడి ఎలా ఆవిరవుతుందో, తోలు ఎంత నీరు పీలుస్తుందో, న్యూస్‌పేపరు ఎంత లాగుతుందో ఆయనకి పది నిమిషాలు పాఠం చెప్పాను. కెమిస్ట్రీ సంగతి కూడా చెప్పాను. సెలక్టర్లు కిట్ చూస్తే హాస్టల్ పరువు పోతుందన్నాను. ఆయన "ఠీక్ హై, మేడమ్," అని వెళ్లిపోయాడు. ఆయన ఒప్పుకోలేదు, అలిసిపోయాడు. ఈ రెండిటికీ తేడా నాకు ఆ వయసులో తెలిసేది కాదు.

ఆ సాయంత్రం కడిగాను. మర్నాటి నుంచి పొగమంచు పట్టుకుంది. ఢిల్లీ చలికాలం చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆరేసిన టవలు మూడోరోజు కూడా ఆరేసినప్పటి లాగే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు ట్యూబ్‌లైటు ముక్కలా కనిపించి పోయేవాడు. గ్లవ్స్‌లో పేపరు ఉండలు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. తీసిన ప్రతి ఉండా తడిగానే వచ్చేది. మూడు రోజులు గడిచాయి. ట్రయల్ రేపు అనగా మధ్యాహ్నం కుడిచేతి గ్లవ్ నొక్కితే బొటనవేలి దగ్గర ఇంకా నీరు చెమర్చింది.

మా బిల్డింగులో హీటర్లు హోదాని బట్టి ఇచ్చేవాళ్లు. వార్డెన్‌కి ఒకటి, కోచ్‌కి ఒకటి. స్టోర్ ఇన్‌ఛార్జికి లేదు. నా సామానుకి చలి వెయ్యదని కాబోలు. పిల్లలు ముట్టుకోవడానికి అసలు వీల్లేదు. అంతకుముందు చలికాలం ఒక గదిలో వైరు కాలినప్పటి నుంచి, హీటరు వాడిన పిల్లకి రాతపూర్వకమైన వార్నింగు ఇచ్చి ఫైల్లో పెట్టేవాళ్లు. ఆ ఫైలు సెలక్టర్లకి వెళుతుంది.

వార్డెన్ భోజనానికి వెళ్లిన టైము చూసి ఆవిడ గదిలోంచి హీటరు ఎత్తుకొచ్చాను. స్టోర్‌లో స్టూలు మీద గ్లవ్స్ పెట్టి, మూరెడు దూరంలో హీటరు పెట్టి ఆన్ చేశాను. మూరెడు దూరం తక్కువని నాకు తెలుసు. అందుకే ఐదు నిమిషాలే అనుకున్నాను. తిప్పి పెడుతూ పక్కనే కూచుందామనుకున్నాను.

మూడో నిమిషంలో వార్డెన్ వచ్చింది. రోహతక్ వైపు మనిషి. గొంతులో నాకు సరిజోడు. ఆవిడ స్టోర్ గుమ్మం దాటకుండా, నేను కారిడార్‌లోకి వెళ్లి తలుపు వెనక్కి లాగాను. లోపల తన హీటరు చూడకూడదని నా తెలివి. ఆవిడ హిందీలో అన్నవి తెలుగులో రాస్తాను. తిట్లు కొన్ని తగ్గుతాయి.

"మేడమ్‌జీ, నా హీటరు ఏది?"

"మీ హీటరా? సర్కారు హీటరు. మీ పుట్టింటివాళ్లు పెట్టారా?"

"నా పేరు మీద ఇచ్చారు."

"కుర్చీ కూడా నా పేరు మీదే ఉంది. మీ గదిలో కూచుంటున్నారుగా, నేనడిగానా?"

"కంబళ్లు పంచినప్పుడు మా గదికి పాతది ఇచ్చింది ఎవరు?"

"మీరు సంతకం పెట్టకుండా తీసుకెళ్లింది ఎవరు?"

అలా మొదలైంది. కంబళ్ల దగ్గర్నుంచి దీపావళి మిఠాయి డబ్బా దగ్గరికి వెళ్లాం, అక్కడి నుంచి రెండేళ్ల కిందట నేను బస్సులో ఆవిడకి సీటు పట్టలేదన్న దగ్గరికి వెళ్లాం. మెస్‌లో గిన్నెలు కడిగే ఆవిడ వచ్చి కాసేపు నిలబడి చూసి వెళ్లింది. నేను బాగా మాట్లాడుతున్నాను. నాకే తెలుస్తోంది, ఒక్క మాట కూడా జారడం లేదు. మధ్యలో వార్డెన్ ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడుతోంది," అంది.

"మాట మార్చకండి," అన్నాను.

ఇంకో పది నిమిషాలు మాట మారకుండా చూసుకున్నాను.

తలుపు తీసేసరికి స్టోరంతా పొగ. మంటలు లేవు, అంతవరకు అదృష్టం. ఎడమచేతి దిమ్మకి జిగురు కరిగి, పొరలు బ్రెడ్డు ముక్కల్లా విడిపోయాయి. కుడిచేతి తోలు అప్పడంలా ముడుచుకుని, వేళ్లు లోపలికి వంగి ఏదో పట్టుకోబోతున్నట్టు ఉన్నాయి. పట్టుకుని సాగదీశాను. చూపుడువేలు దగ్గర టక్కుమని చీలింది. కమిటీ వాళ్లకి కావలసిన కారణాలు మూడూ ఒకేసారి వచ్చాయి.

వార్డెన్ హీటరు ప్లగ్గు లాగేసి, స్టూలు మీద కూలబడింది. పోట్లాట అక్కడితో ఆగిపోయింది. ఇద్దరికీ అర్థమైంది, ఇప్పుడు ప్రశ్న వేరేవాళ్లు వేస్తారని. ఆవిడ పేరు మీద ఉన్న హీటరు స్టోర్‌లోకి ఎలా వచ్చింది, నేను గది వదిలి ఎందుకు వెళ్లాను. ఆవిడే మెల్లగా అంది:

"గ్లవ్స్ ఆ పిల్లవే కదా. తడిగా ఉన్నాయని హీటరు తనే తెచ్చి పెట్టుకుందని రాద్దాం. పిల్లకి వార్నింగుతో పోతుంది. మనకైతే మెమో, ఎంక్వయిరీ. మీకు ప్రమోషన్ ఉంది కదా వచ్చే ఏడు?"

ఉంది. ఫైల్లో ఆ వార్నింగు కాగితం ఉంటే సెలక్టర్లు ఆ పిల్ల పేరు పక్కకి పెడతారన్నదీ నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. అంతసేపు నోరు మూయకుండా వాదించినదాన్ని, ఆ మాటకి జవాబు చెప్పలేదు. సరే అనలేదు. కాదనీ అనలేదు. పేపరు ఉండలు ఏరి బుట్టలో వేశాను. ఆవిడ దాన్ని సరే అనే తీసుకుంది. ఎవరైనా అలాగే తీసుకుంటారు.

సాయంత్రం, ఏ కమిటీ రాకుండానే, కొత్త సామాను అల్మారా సీలు తీసి, కొత్త గ్లవ్స్ ఒక జత తెచ్చి గోలీ చేతిలో పెట్టాను. నెలల తరబడి ఆ పిల్ల అడిగిన జతే.

"పాతవి పాడయ్యాయి. ఇవి వేసుకో."

తీసుకుని సంతోషించలేదు. కుడిచేతిది తొడుక్కుని వేళ్లు ముడవబోయింది. ముడవలేదు. కొత్త తోలు, అట్టలా బిర్రుగా ఉంది, పైన నున్నటి మెరుపు.

"కైసే ఖరాబ్ హువే, ఆంటీ?"

"హీటరు తగిలి."

"కిస్‌నే రఖా? ఎవరు పెట్టారు?"

"అది తర్వాత చూద్దాంలే. ముందు తిని పడుకో."

నా మొహంలోకి ఒక క్షణం చూసింది. గోలీలకి అదొక అలవాటు, బంతి ఎటు పోతుందో ముందే చూడటం. గ్లవ్స్ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొగమంచు వల్ల పది గంటల ట్రయల్ పదకొండుకి మొదలైంది. రెండు సగాలుగా ఆడించారు. సెలక్టర్లు ముగ్గురూ శాలువాలు కప్పుకుని గోడ పక్కన కుర్చీల్లో కూచున్నారు. మామూలుగా నేను ఆట చూడను, నా పని స్టోర్‌లో. ఆ రోజు గోలు వెనక సిమెంటు మెట్టు మీద కూచున్నాను.

మొదటి సగంలో ఆ పిల్ల చేతిలో స్టిక్ నిలవలేదు. కొత్త తోలు మీద పిడి జారిపోయి, ప్రతిసారీ గుండ్రంగా తిరిగేది. సర్దుకుంటూ ఆడింది. ఇరవయ్యో నిమిషంలో ఎదుటి పిల్ల ఒకత్తె కుడిపక్కకి తక్కువ ఎత్తులో కొట్టింది. స్టిక్ అడ్డం పెట్టేలోపు బంతి గోలు లోపలి చెక్కకి తగిలి ఠక్కుమంది. సెలక్టర్లలో ఒకాయన ఏదో రాసుకున్నాడు. దూరంగా కోచ్ నేల చూశాడు, నన్ను చూడలేదు.

సగం అయ్యింది. ఆ పిల్ల నేను కూచున్న మెట్టు దగ్గరికే వచ్చి, గ్లవ్ తీసి, దాని అరచేతిని సిమెంటు అంచుకేసి రాయడం మొదలుపెట్టింది. అప్పుడే వార్డెన్ వచ్చింది, చేతిలో టైపు చేసిన కాగితం, పెన్ను. మధ్యాహ్నానికి ఫైళ్లు సెలక్టర్లకి అందాలి. సంతకం ఈలోపే కావాలి.

"బేటా, ఇక్కడ పెట్టు. మామూలు కాగితమే."

ఆ పిల్ల చదివింది. రెండోసారి చదివింది. "హీటరు నేను పెట్టలేదు," అంది, ఈసారి తెలుగులో. అది నాకోసం అన్న మాట. వార్డెన్ నావైపు తిరిగింది. "మేడమ్‌జీకి అంతా తెలుసు. చెప్పండి మేడమ్‌జీ."

నేను ఏదో గొప్పగా మాట్లాడానని రాయాలని ఉంది. అదేం లేదు. "హీటర్ మైనే ఉఠాయా. దస్తానే భీ మైనే రఖే," అన్నాను. హీటరు తెచ్చింది నేను, గ్లవ్స్ పెట్టింది నేను. నా ఉద్యోగ జీవితంలో అంత పొట్టి వాదన నేనెప్పుడూ చేయలేదు.

"ఆలోచించుకోండి. ప్రమోషన్..."

"ఆ కాగితం ఇలా ఇవ్వండి."

పిల్ల పేరు కొట్టేసి పైన నా పేరు రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చేశాను. వార్డెన్ కాగితం మళ్లీ చదివింది. తర్వాత, "హీటరు మీరు నన్ను అడిగే తీసుకెళ్లారని అయినా రాయండి, లేకపోతే గది తెరిచి వదిలానని నన్ను పట్టుకుంటారు," అంది. అదీ రాశాను. అబద్ధమే. ఆవిడ హీటరు అంతసేపు వాడుకున్నందుకు ఆ మాత్రం చెయ్యొచ్చనిపించింది.

ఆ పిల్ల ఇదంతా పట్టించుకున్నట్టే లేదు. గ్లవ్‌ని అంచుకేసి రాస్తోంది, వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరుస్తోంది. రెండో సగానికి నాలుగు నిమిషాలు ఉంది.

"ఆంటీ, ఇస్‌పే ఖడే హో జావో."

"ఏమిటి?"

"దీని మీద నిలబడండి. జల్దీ."

సీలు తీసి పద్దెనిమిది గంటలు కాలేదు. అలాంటివాటి మీద చెయ్యి పెట్టనివ్వడానికే నేను మూడు సంతకాలు అడిగేదాన్ని. చెప్పులు విప్పి, గ్లవ్ మీద ఎక్కాను. "అలా కాదు, ఎడీ సే," అంది. మడమతో తొక్కాను. డెబ్బై కిలోలు ఒక్కచోట పడేలా తొక్కాను. టర్ఫ్ పక్కన తడిమట్టి తీసి అరచేతికి పులిమింది, మెరుపు పోయేదాకా రుద్దింది, మళ్లీ నా కాలి కింద పెట్టింది. మళ్లీ తొక్కాను. అటు సెలక్టర్లు చూస్తున్నారని తెలుసు. ఉలెన్ మేజోళ్లు వేసుకున్న ఒక ఆంటీ హాకీ గ్లవ్ మీద గెంతుతుంటే ఎవరు చూడరు?

విజిల్ వేశారు. గ్లవ్ తొడుక్కుని వేళ్లు ముడిచింది. ముడిచాయి. పూర్తిగా కాదు, చాలినంత. వెళ్లిపోయింది.

రెండో సగంలో గోలు మీదికి నాలుగు బంతులు వచ్చాయి. నాలుగూ ఆపింది. ఒకటి సరిగ్గా మొదటి సగంలో పోయిన చోటికే వచ్చింది, అప్పుడు గోలు కొట్టిన పిల్లే కొట్టింది. మా గోలీ ఈసారి ముందుకు రాకుండా గీత మీదే నిలబడి, కుడిచేతి స్టిక్‌తో పక్కకి తోసేసింది. నేను లేచి నిలబడ్డానట. నాకు గుర్తులేదు, గిన్నెలు కడిగే ఆవిడ తర్వాత చెప్పింది.

జాబితా మర్నాడు మధ్యాహ్నం నోటీసుబోర్డుకి అంటించారు. ఇద్దరు గోల్‌కీపర్ల పేర్లు, వాళ్ల కింద స్టాండ్‌బై అని ఒక పేరు. మూడో పేరు మా పిల్లది. అంటే ఆ ఇద్దరిలో ఒకరికి ఏదైనా అయితే పిలుస్తారు. కాకపోతే పిలవరు. మెమో నాకు అదే రోజు వచ్చింది. జవాబు రాయడానికి మూడు రోజులు టైమిచ్చారు, నాకు ఒక్క వాక్యం చాలింది. ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది, అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

బోర్డు దగ్గర ఇంకెవరూ లేని టైము చూసి వెళ్లాను. ఆ పిల్ల అప్పటికే అక్కడుంది, కిట్ బ్యాగు భుజాన, గ్లవ్స్ బయట పట్టీకి వేలాడుతున్నాయి. చెప్పాల్సింది దారంతా కూడబలుక్కున్నాను.

"చూడమ్మా, ఆ మొదటి గోలు నీది కాదు. గ్లవ్ వల్ల పోయింది. నేను కడగకుండా ఉంటే..."

"నహీ ఆంటీ."

"నహీ ఏమిటి? స్టిక్ తిరిగిపోవడం నేను కళ్లారా చూశాను."

"స్టిక్ తిరిగింది. కానీ నేను అంతకుముందే గీత వదిలి బయటికొచ్చేశా. జల్దీ నికల్ గయీ. పాత గ్లవ్స్ ఉన్నా గోల్ హోతా."

"నీకేం తెలుసు అలా అని?"

"ఆప్ గోలీ హై యా మై? గోలీ మీరా, నేనా?" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది: "వో గోల్ మేరా హై, ఆంటీ. ఆప్ మత్ లో."

ఆ గోలు నాది, మీరు తీసుకోకండి. నేను ఇంకా ఏదో చెప్పబోయాను, కారణాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఆ పిల్ల బ్యాగు సర్దుకుని, ప్రాక్టీసుకి టైమైందని, మెట్లు దిగి టర్ఫ్ వైపు వెళ్లిపోయింది.